ఇంగ్లీష్ పదాలు చదివితే అర్థమవుతున్నాయి, మాట్లాడితే నోటికి రావడం లేదు: నౌన్స్, ఫ్రేజల్ వెర్బ్స్, ఇడియమ్స్‌లో ఏది ముందు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కొన్ని నెలలుగా రోజూ పది కొత్త ఇంగ్లీష్ పదాలు రాసుకుని అర్థాలు బట్టీ పడుతున్నారు. నౌన్స్‌కి (నామవాచకాలకు) ఒక లిస్టు, ఫ్రేజల్ వెర్బ్స్‌కి ('టర్న్ ఆఫ్' లాగా క్రియకు చిన్న మాట తగిలినవి) ఒకటి, ఇడియమ్స్‌కి (విడి పదాలను బట్టి అర్థం తేలని జాతీయాలు) ఒకటి పెట్టుకున్నారు. ఎక్కడైనా కనిపిస్తే అర్థమవుతున్నాయి, మాట్లాడబోతే మాత్రం ఒక్కటీ నోటికి రావడం లేదు. ఈ మూడిట్లో ముందు ఏది పట్టుకోవాలి, ఎలా చదవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ముందు నౌన్స్, అదీ వాటితో జతకట్టే క్రియలతో కలిపి. ఆ తర్వాత ఫ్రేజల్ వెర్బ్స్, అక్షరక్రమంలో కాకుండా సందర్భాల వారీగా. ఇడియమ్స్ చివర, వాటిని కూడా చాలాకాలం విని అర్థం చేసుకోవడానికే ఉంచుకోండి, వాడటానికి తొందరపడకండి. మీ జ్ఞాపకశక్తిలో ఏ లోపమూ లేదు. పదాన్ని ఒంటరిగా నేర్చుకోవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు, పరీక్షలకు తయారయ్యేవాళ్లకు ఇంగ్లీష్ నేర్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి పైగా ఇదే మాట చెబుతారు: 'పదాలు తెలుసు, వాక్యం రాదు.' అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నౌన్స్ మీకు ఇప్పటికే చాలా వచ్చు

తెలుగువాళ్లకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. మనం రోజూ మాట్లాడే తెలుగులోనే వందల ఇంగ్లీష్ నౌన్స్ తిరుగుతుంటాయి. డెసిషన్, మీటింగ్, రిస్క్, కంప్లైంట్, అపాయింట్‌మెంట్, డెడ్‌లైన్, ప్రామిస్, ఎగ్జామ్. ఇవి ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఈ నౌన్స్‌కి మనం తెలుగు క్రియలు తగిలిస్తాం. కంప్లైంట్ ఇచ్చాను, రిస్క్ చేశాడు, మీటింగ్ పెట్టారు, ఎగ్జామ్ రాశాను, ప్రామిస్ చేశాడు.

ఇంగ్లీష్‌లో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ తెలుగు క్రియనే ఇంగ్లీష్‌లోకి మార్చి పెడతాం. 'గివ్ ఎ కంప్లైంట్', 'డూ ఎ రిస్క్', 'పుట్ ఎ మీటింగ్', 'రైట్ ది ఎగ్జామ్'. ఇంగ్లీష్ వాడుకలో ఉన్నవి మాత్రం 'మేక్ ఎ కంప్లైంట్', 'టేక్ ఎ రిస్క్', 'హోల్డ్ ఎ మీటింగ్', 'టేక్ ది ఎగ్జామ్'. అంటే నౌన్ మీ దగ్గర ఉంది, దాని క్రియ లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మీరు ఆగిపోయే చోటు ఇదే. నా క్లాసులో ఎవరైనా తడబడినప్పుడు గమనిస్తుంటాను. వాళ్లు వెతికేది పెద్ద పదం కోసం కాదు, 'మేక్', 'టేక్', 'హావ్', 'గివ్', 'రన్', 'మీట్' లాంటి చిన్న క్రియల్లో ఏది పెట్టాలో తేలక.

ఇలా పదాలు అలవాటుగా కలిసి తిరగడాన్ని కొలొకేషన్ అంటారు. బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1950లలో దీని గురించి రాసిన తర్వాతే భాషాశాస్త్రంలో ఈ మాట బాగా స్థిరపడింది. దీనికి కారణాలు వెతుక్కుంటూ కూర్చోకండి. 'హెవీ రెయిన్' అంటారు, 'స్ట్రాంగ్ విండ్' అంటారు, అటుది ఇటు పెడితే చెవికి తేడాగా ఉంటుంది. మన దగ్గరా అంతే కదా, కుండపోత వాన అంటాం, కుండపోత గాలి అనం. ఎందుకని అడిగితే వాడుక అంతే అంటాం.

కాబట్టి నోట్‌బుక్‌లో పదం, పక్కన గీత, గీతకు అవతల అర్థం అనే పద్ధతి మానేయండి. ఒక నౌన్‌కి అర పేజీ ఇవ్వండి. నా దగ్గర చదివే ఒకామె అకౌంట్స్‌లో పనిచేస్తుంది, 'డెడ్‌లైన్' అనే మాటకు ఆమె రాసుకున్న పేజీ ఇలా ఉంది:

మీట్ ఎ డెడ్‌లైన్ (గడువులోపు పూర్తి చేయడం), మిస్ ఎ డెడ్‌లైన్ (గడువు దాటిపోవడం), సెట్ ఎ డెడ్‌లైన్ (గడువు పెట్టడం), ఎక్స్‌టెండ్ ది డెడ్‌లైన్ (పొడిగించడం). ఎ టైట్ డెడ్‌లైన్ (ఊపిరాడని గడువు). ది డెడ్‌లైన్ ఫర్ ది రిపోర్ట్ (ఇక్కడ 'ఫర్', 'టు' కాదు). కింద ఆమె సొంత వాక్యం: 'వి మే మిస్ ది డెడ్‌లైన్ బికాజ్ ది బిల్స్ కేమ్ లేట్.'

డెడ్‌లైన్ ఆమెకు ఎప్పటి నుంచో తెలిసిన మాటే. కొత్తగా నేర్చుకున్న కఠిన పదం ఒక్కటీ ఆ పేజీలో లేదు. కానీ ఆ పేజీ రాశాక తన పని గురించి ఐదారు వాక్యాలు ఆగకుండా చెప్పగలిగింది. మీరు రోజుకు పది కొత్త పదాలు చేర్చుకునే బదులు, తెలిసిన రెండు నౌన్స్‌కి ఇలా పేజీ కట్టండి చాలు. వారం తిరిగేసరికి పదో పన్నెండో నౌన్స్, వాటితో పాటు నలభై యాభై వాడదగ్గ ముక్కలు చేతిలో ఉంటాయి.

నౌన్ రాసుకునేటప్పుడు మరో రెండు విషయాలు తప్పక చూడండి.

ఒకటి, అది లెక్కపెట్టదగ్గదా కాదా. తెలుగులో సలహాలు, సమాచారాలు, సామాన్లు అని బహువచనం హాయిగా వాడతాం. ఇంగ్లీష్‌లో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్, ఫీడ్‌బ్యాక్, హోమ్‌వర్క్, ఎవిడెన్స్, సాఫ్ట్‌వేర్ లాంటి వాటికి 'ఎస్' చేరదు, ముందు 'ఎ' గానీ 'యాన్' గానీ రాదు. ఒకటి అని చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. 'న్యూస్' చివర 'ఎస్' ఉన్నా అది ఏకవచనమే, 'ది న్యూస్ ఈజ్ గుడ్' అంటారు. లెర్నర్స్ డిక్షనరీలో (ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారైన నిఘంటువులో) నౌన్ పక్కన 'సి' అనో 'యు' అనో అక్షరం ఉంటుంది, లెక్కించదగ్గదీ కానిదీ అని దాని అర్థం. చాలామంది ఆ అక్షరాన్ని చూడకుండా నేరుగా అర్థానికి వెళ్లిపోతారు.

రెండు, దాని వెనక ఏ ప్రిపొజిషన్ ('ఫర్', 'టు', 'ఇన్' లాంటి చిన్న మాట) వస్తుంది. రీజన్ ఫర్, సొల్యూషన్ టు, ఇంక్రీజ్ ఇన్, డిమాండ్ ఫర్, ఎఫెక్ట్ ఆన్. వీటిని వేరుగా వ్యాకరణ పాఠంలా చదివితే నిలవవు, నౌన్‌తో అంటించి రాసుకుంటే నిలుస్తాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తెలుగులోకి వచ్చిన ఇంగ్లీష్ నౌన్స్‌లో కొన్నిటి అర్థం మన దగ్గర కొంచెం జరిగింది. 'నాకొక డౌట్' అని మనం అడిగేది మామూలు ప్రశ్న. బ్రిటిష్ లేదా అమెరికన్ వ్యక్తితో 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదు అన్నట్టు వినిపించవచ్చు. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనండి. అలాగే 'టెన్షన్‌గా ఉంది' అనే మాటకు ఇంగ్లీష్‌లో 'ఐ యామ్ నెర్వస్' లేదా 'ఐ యామ్ స్ట్రెస్డ్' సరిపోతుంది. 'టెన్షన్' అనే నౌన్ అక్కడ ఎక్కువగా ఇద్దరి మధ్యో రెండు దేశాల మధ్యో ఉండే బిగువు గురించి వస్తుంది.

ఎన్ని పదాలు కావాలి?

దీని గురించి అందరూ కంగారు పడతారు కాబట్టి రెండు మాటలు. ఇంగ్లీష్ బోధనా నిపుణుడు మైఖేల్ వెస్ట్ 1953లో అచ్చు వేయించిన జనరల్ సర్వీస్ లిస్టులో, అంటే నేర్చుకునేవాళ్లకు బాగా పనికొచ్చే పదాల జాబితాలో, ఉన్నవి సుమారు 2000 పదాలు. మామూలు ఇంగ్లీష్ రాతలో దాదాపు 80 శాతం ఇలాంటి తొలి 2000 పదాల కుటుంబాలతోనే నడుస్తుంది. న్యూజిలాండ్‌లో పదసంపద మీద దశాబ్దాలుగా పనిచేసిన పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, నవలలు, పత్రికలు ఎవరి సాయం లేకుండా చదువుకోవడానికి 8000 నుంచి 9000 పద కుటుంబాలు కావాలి, సంభాషణ అర్థం కావడానికి 6000 నుంచి 7000. పద కుటుంబం అంటే డిసైడ్, డిసైడెడ్, డెసిషన్, డిసైసివ్ అన్నీ కలిపి ఒకటి.

ఈ సంఖ్యలు చూసి బెదరకండి. అవి చదివి, విని అర్థం చేసుకోవడానికి సంబంధించినవి. మాట్లాడటానికి ఆ మొదటి రెండు వేలను బాగా, వాటి జతలతో సహా వాడటం వస్తే మీరు చాలా దూరం వెళ్తారు. మీలాంటి వాళ్ల దగ్గర తరచుగా కనిపించే పరిస్థితి ఏమిటంటే, పదివేలో స్థానంలో ఉండే అరుదైన పదం తెలిసి ఉంటుంది, 'గెట్', 'టేక్', 'పుట్' లాంటి వాటి వాడుక మాత్రం సగమే తెలుసు.

అక్కడి నుంచే ఫ్రేజల్ వెర్బ్స్‌లోకి వస్తాం.

ఫ్రేజల్ వెర్బ్స్: మన తెలుగులో ఉన్నదే

ఇవి కష్టంగా ఉండటం మీ ఒక్కరి సమస్య కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ముందుమాటలోనే, క్రియకు ఒక చిన్న మాట తగిలించి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని రాశాడు.

కానీ తెలుగువాళ్లు దీన్ని చూసి భయపడనక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఇలాంటి పని మన భాష పొద్దున్నుంచి రాత్రి దాకా చేస్తూనే ఉంటుంది. 'తిను' వేరు, 'తినెయ్' వేరు. 'తెలుసు' వేరు, 'తెలుసుకో' వేరు. 'అయింది' వేరు, 'అయిపోయింది' వేరు. ఇక్కడ 'వేయడం', 'కొనడం', 'పోవడం' అనే క్రియల అసలు అర్థం పట్టుకుని లాగితే ఏమీ తేలదు. అవి ముందున్న క్రియకు ఒక రంగు పూస్తున్నాయి: పూర్తిగా, తన కోసం, ఇక మిగల్లేదు అని. ఇంగ్లీష్‌లో ఆ పని 'అప్', 'అవుట్', 'ఆఫ్', 'ఆన్' చేస్తాయి. 'తినెయ్' అంటే 'ఈట్ అప్', 'తెలుసుకో' అంటే 'ఫైండ్ అవుట్', 'అయిపోయింది' అంటే 'రన్ అవుట్'. మనం క్రియ వెనక క్రియను తగిలిస్తాం, వాళ్లు క్రియ వెనక చిన్న మాటను తగిలిస్తారు.

ఈ చిన్న మాటల స్వభావం పట్టుకుంటే కొత్తవి కనిపించినప్పుడు సగం అర్థం మీరే ఊహించగలుగుతారు.

'అప్' చాలాచోట్ల పని పూర్తయిందని చెబుతుంది: యూజ్ అప్, ఫిల్ అప్, క్లీన్ అప్.

'ఆఫ్' విడిపోవడం, తెగిపోవడం: కట్ ఆఫ్, స్విచ్ ఆఫ్, కాల్ ఆఫ్ (రద్దు చేయడం).

'ఆన్' ఆగకుండా సాగడం: క్యారీ ఆన్, గో ఆన్, కీప్ ఆన్.

'అవుట్'కి రెండు ముఖాలున్నాయి. దాగి ఉన్నది బయటికి రావడం ఒకటి: ఫైండ్ అవుట్, పాయింట్ అవుట్, ఫిగర్ అవుట్. ఉన్నది అడుగంటడం రెండోది: రన్ అవుట్, సెల్ అవుట్, వేర్ అవుట్.

'ఓవర్' ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడటం: గో ఓవర్ ది రిపోర్ట్, థింక్ ఇట్ ఓవర్, టాక్ ఇట్ ఓవర్.

ఇవి సూత్రాలు కావు, మొగ్గు మాత్రమే. 'బ్రింగ్ అప్ ఎ టాపిక్' అంటే విషయాన్ని ఎత్తడం, అక్కడ 'అప్' అంటే పూర్తవడం కాదు. 'పుట్ అప్ విత్' అంటే ఓర్చుకోవడం, అది దేనికీ లొంగదు, అలాగే నేర్చుకోవాలి. కానీ 'గెట్'తో మొదలయ్యేవి ముప్పై ఒకేచోట పెట్టి బట్టీ పట్టడం కంటే ఇది ఎంతో మేలు. ఆ లిస్టులో గెట్ అప్, గెట్ ఓవర్, గెట్ బై, గెట్ అవే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అవుతాయి. పక్కపక్కనే ఒకేలా కనిపించేవాటిని ఒకేరోజు నేర్చుకుంటే ఒకటి ఇంకోదాన్ని చెరిపేస్తుంది.

దానికి బదులు ఒక సందర్భం తీసుకుని, దానికి కావలసిన ఐదారు ఏరుకోండి. మీటింగ్ అనుకుందాం. మీటింగ్ వాయిదా వేస్తే 'పుట్ ఆఫ్', రద్దు చేస్తే 'కాల్ ఆఫ్', అందులో విషయం ఎత్తితే 'బ్రింగ్ అప్', కొత్త ఆలోచన చెబితే 'కమ్ అప్ విత్', దాన్ని తిరస్కరిస్తే 'టర్న్ డౌన్', తర్వాత ఆరా తీస్తే 'లుక్ ఇంటు', మాట ప్రకారం పని పూర్తి చేస్తే 'ఫాలో త్రూ'. ఈ ఏడూ ఒక చిన్న కథలా వరుసగా చెప్పుకోవచ్చు. నేను ఇలాగే చెప్పిస్తాను, ముందు తెలుగులో సంఘటన చెప్పమని, తర్వాత అదే ఇంగ్లీష్‌లో చెప్పమని.

మనవాళ్లు పుట్ ఆఫ్ రాక ముందే 'పోస్ట్‌పోన్' నేర్చుకుంటారు, లుక్ ఇంటు కంటే ముందు 'ఇన్వెస్టిగేట్', పుట్ అప్ విత్ కంటే ముందు 'టాలరేట్'. మన ఇంగ్లీష్ పాఠ్యపుస్తకాల నుంచి వచ్చింది కదా. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక పాలన, న్యాయం, చదువు వంటి రంగాల్లోకి ఫ్రెంచ్ మాటలు వరదలా వచ్చాయి, ఆ తర్వాతి శతాబ్దాల్లో లాటిన్ మాటలూ చేరాయి. ఇంట్లో, వీధిలో మాట్లాడేవి మాత్రం చాలావరకు పాత చిన్న క్రియలే. అందుకే ఒకే అర్థానికి రెండు మాటలు మిగిలాయి, ఒకటి దస్తావేజు మాట, ఒకటి నోటి మాట. మీకు దస్తావేజు మాటలు తెలుసు. ఎదుటివాళ్లు నోటి మాటలు వాడుతుంటే సినిమాలోనో ఫోన్ కాల్‌లోనో సులువైన పదాలే అయినా అర్థం కాకపోవడానికి ఇదే కారణం. అలాగని పోస్ట్‌పోన్ తప్పు కాదు. అధికారిక ఉత్తరంలో అదే బాగుంటుంది. రెండూ జతగా రాసుకోండి.

వాక్యంలో పెట్టేటప్పుడు ఒక చిక్కు ఉంది. 'టర్న్ ఆఫ్ ది లైట్' అనొచ్చు, 'టర్న్ ది లైట్ ఆఫ్' అనొచ్చు. కానీ లైట్ బదులు 'ఇట్' వస్తే మధ్యలోనే రావాలి: 'టర్న్ ఇట్ ఆఫ్'. 'టర్న్ ఆఫ్ ఇట్' అనరు. 'లుక్ ఆఫ్టర్' లాంటివి అసలు విడిపోవు, 'లుక్ ఆఫ్టర్ హర్' అనే అంటారు. నోట్‌బుక్‌లో ఎప్పుడూ 'టర్న్ ఆఫ్' అని కాకుండా 'టర్న్ ఇట్ ఆఫ్', 'లుక్ ఆఫ్టర్ ఇట్' అని 'ఇట్' పెట్టి రాసుకోండి. నియమం గుర్తుపెట్టుకోవాల్సిన పని తప్పుతుంది, నోరే దాన్ని పట్టుకుంటుంది. మూడు ముక్కలున్నవి, అంటే 'లుక్ ఫార్వర్డ్ టు' లాంటివి, పూర్తి వాక్యంతో రాసుకోండి: 'ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు.' అక్కడ 'టు మీట్' రాదు.

తరచుగా దిద్దాల్సి వచ్చేవి మూడు చెబుతాను. 'కోప్ అప్ విత్' అనే ఫ్రేజల్ వెర్బ్ లేదు, 'కోప్ విత్' మాత్రమే ఉంది. 'డిస్కస్ అబౌట్' లేదు, 'డిస్కస్ ది ఇష్యూ' అంతే. మూడోది కాలేజీ చదువు పూర్తయిందని చెప్పడానికి వాడే 'పాస్డ్ అవుట్'. నా దగ్గర చదివిన ఒక ఇంజనీర్ విదేశీ కంపెనీ ఇంటర్వ్యూలో తనను పరిచయం చేసుకుంటూ ఇదే వాడితే, అవతలివాళ్లు ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగారట. బ్రిటన్, అమెరికాల్లో 'పాస్ అవుట్' అంటే సాధారణంగా స్పృహ తప్పడం. సైనిక శిక్షణ ముగించినవాళ్ల విషయంలో బ్రిటన్‌లో ఆ మాట ఉంది. కాలేజీకి 'గ్రాడ్యుయేటెడ్' వాడండి.

ఇంకొకటి, నౌన్స్‌కీ ఫ్రేజల్ వెర్బ్స్‌కీ మధ్య దారి ఉంది. బ్రేక్ డౌన్ అయితే 'బ్రేక్‌డౌన్', సెట్ అప్ చేస్తే 'సెటప్', లాగ్ ఇన్ అయితే 'లాగిన్', బ్యాక్ అప్ తీస్తే 'బ్యాకప్'. క్రియగా రాస్తే రెండు పదాలు, నౌన్‌గా రాస్తే ఒకటి. పలకడంలోనూ తేడా ఉంది: నౌన్ అయితే మొదటి భాగం ఒత్తి పలుకుతారు, క్రియ అయితే మామూలుగా ఒత్తు రెండో ముక్క మీద పడుతుంది. ఇలాంటి నౌన్స్ మీకు ఇప్పటికే డజన్ల కొద్దీ వచ్చు, వాటిని విడదీస్తే ఒక్కోదాని నుంచీ ఒక ఫ్రేజల్ వెర్బ్ ఉచితంగా వస్తుంది.

ఇడియమ్స్ విషయంలో ఆగమని ఎందుకు అంటున్నాను

ఇడియమ్స్ నేర్చుకోవడం సరదాగా ఉంటుంది, చదవగానే గుర్తుంటాయి కూడా. అందుకే అందరూ వాటి మీద పడతారు. కానీ వాటిని సరిగ్గా వాడటానికి అర్థం తెలిస్తే చాలదు. ఎవరితో, ఏ సమయంలో, ఏ గొంతుతో అనేది తెలియాలి. మన 'చేతులెత్తేశాడు', 'నోరు జారాడు', 'కాళ్లావేళ్లా పడ్డాడు' ఎక్కడ వాడాలో మనకు ఎవరూ చెప్పలేదు, వేలసార్లు విన్నాం. ఆ వినికిడి ఇంగ్లీష్‌లో మనకు తక్కువ.

'కిక్ ది బకెట్' అంటే చనిపోవడం అని లిస్టులు చెబుతాయి. అది తేలికగా, కొంత వెటకారంగా అనే మాట అని చాలా లిస్టులు చెప్పవు. సంతాపం చెప్పాల్సిన చోట దాన్ని వాడితే ఎంత అనర్థమో ఆలోచించండి. 'ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' ప్రతి లిస్టులోనూ మొదట ఉంటుంది, ఇవాళ ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ల మాటల్లో అది చాలా అరుదు, పాతకాలపు వాసన వేస్తుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే ఇడియమ్‌లో మాట మార్చడానికి వీల్లేదు. 'ఎ పీస్ ఆఫ్ కేక్' అంటే చాలా తేలిక అని. 'ఎ స్లైస్ ఆఫ్ కేక్' అంటే తినే కేకు ముక్క, అంతే. ఒక్క అక్షరం జారినా ఎదుటివాళ్ల చెవి అక్కడే ఆగిపోతుంది.

ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష) రాసేవాళ్లు ఇక్కడ తప్పుదారి పడుతుంటారు. స్పీకింగ్‌లో మార్కులిచ్చే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి. ఏడో బ్యాండ్ (మార్కుల స్థాయి) వివరణలో అంత సాధారణం కాని పదాలు, ఇడియొమాటిక్ పదాలు వాడగలగడం అని ఉంటుంది. దాన్ని చూసి ప్రతి జవాబులో ఒక ఇడియమ్ ఇరికించాలనుకుంటారు. అదే వాక్యంలో శైలి, కొలొకేషన్ గురించిన ఎరుక కూడా ఉండాలని ఉంది. ఆ భాష మాట్లాడేవాళ్లు సహజంగా ఎలా అంటారో అలా అనడమే అక్కడ కావలసింది. 'మేక్ ఎ లివింగ్', 'కీప్ ఇన్ టచ్', 'ఐ కుడ్ హార్డ్‌లీ బిలీవ్ ఇట్' లాంటివి దానికి చక్కగా సరిపోతాయి. ఒక నర్సు పరీక్షకు తయారవుతూ నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె జవాబులన్నీ పెద్ద పెద్ద ఇడియమ్స్‌తో నిండి ఉండేవి, మధ్యలో వాక్యాలు మాత్రం తెగిపోయేవి. వాటిని తీసేయించి, తన పనికి సంబంధించిన నౌన్స్‌కి పేజీలు కట్టించాను: టేక్ కేర్ ఆఫ్ ఎ పేషెంట్, ఈజ్ ది పెయిన్, వర్క్ ఎ నైట్ షిఫ్ట్, బ్రేక్ ది న్యూస్ టు ది ఫ్యామిలీ. ఆమె మాట అప్పటి నుంచి సాఫీగా నడిచింది. ఆ చివరిది ఇడియమే, గమనించారా? తన పనిలో అవసరమైంది కాబట్టి అది ఆమె నోట్లో సహజంగా కుదిరింది.

కాబట్టి ఇడియమ్స్‌ను రెండుగా విడగొట్టండి. బొమ్మ కట్టే రంగురంగుల మాటలు, అంటే 'లెట్ ది క్యాట్ అవుట్ ఆఫ్ ది బ్యాగ్' లాంటివి, అర్థం తెలుసుకుని వదిలేయండి. ఎక్కడైనా వినపడితే పట్టుకోగలిగితే చాలు. రంగు లేకుండా మామూలుగా కనిపించేవి మాత్రం వాడుకలోకి తెచ్చుకోండి: ఇన్ ది లాంగ్ రన్, ఫర్ ది టైమ్ బీయింగ్, కీప్ యాన్ ఐ ఆన్, కాల్ ఇట్ ఎ డే, మేక్ అప్ యువర్ మైండ్, ఆన్ ది సేమ్ పేజ్. ఇవి ఎక్కడ వాడినా పెద్దగా ప్రమాదం లేదు, రోజూ పనికొస్తాయి. ఒక ఇడియమ్‌ను కనీసం మూడు వేర్వేరు చోట్ల, మూడు వేర్వేరు మనుషుల నోట విన్నాకే మీరు వాడండి. నా విద్యార్థులకు నేను పెట్టే షరతు ఇదే.

గుర్తుండటం, నోటికి రావడం వేర్వేరు

జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల కూర్పులను తానే బట్టీ పట్టి, ఎంత వేగంగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ఒకేరోజు ఇరవైసార్లు చదవడం కంటే, మరుసటి రోజు ఒకసారి, మూడు రోజులకు, వారానికి, నెలకు ఒక్కోసారి తిరగేయడం మేలు.

తిరగేయడం అంటే మళ్లీ చదవడం కాదండీ. చదివితే 'ఆ, ఇది తెలుసు' అనిపిస్తుంది, అంతటితో ఆగిపోతుంది. మీకు జరుగుతున్నది సరిగ్గా ఇదే: గుర్తుపట్టడం అలవాటైంది, గుర్తుతెచ్చుకోవడం అలవాటు కాలేదు. కార్డుకు ఒకవైపు ఇంగ్లీష్ పదం, రెండోవైపు తెలుగు అర్థం రాసుకుని ఇంగ్లీష్ వైపు నుంచి చూస్తుంటే మీరు చదవడానికి మాత్రమే సాధన చేస్తున్నట్టు. దాన్ని తిప్పండి. ఒకవైపు తెలుగులో సందర్భం రాయండి: 'బిల్లులు లేటుగా వచ్చాయి, గడువు దాటిపోయేలా ఉంది, మేనేజర్‌కి చెప్పాలి.' రెండోవైపు ఇంగ్లీష్ వాక్యం. తెలుగు వైపు చూసి, ఇంగ్లీష్‌ను గట్టిగా పైకి అనండి, మనసులో కాదు. రాకపోతే తిప్పి చూసి, అదే కార్డును మరుసటి రోజు పెట్టుకోండి. వస్తే మూడు రోజుల తర్వాతకు జరపండి. యాప్ అయినా కాగితం ముక్కలైనా ఫలితంలో తేడా నేను చూడలేదు, పైకి అనడం మానేసినవాళ్లకు మాత్రం రెండింటితోనూ లాభం రాలేదు.

చదివేదాంట్లో చిన్న మార్పు చేసుకోండి. రోజుకో కొత్త అంశం కాకుండా, మీకు నిజంగా ఇష్టమైన ఒకే అంశం మీద రెండు మూడు వారాలు చదవండి, వినండి. క్రికెట్ కానీ, వంట కానీ, ఆరోగ్యం కానీ. ఒకే అంశంలో అవే నౌన్స్, అవే జతలు పదేపదే వస్తాయి, వేరే రచయితలు వాటినే వేరే వాక్యాల్లో వాడతారు. తిరగేయడం దానంతట అదే జరిగిపోతుంది.

డిక్షనరీ సంగతి. ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు అర్థం చూడటానికి ఉంచుకోండి, తప్పేం లేదు. వాడుక కోసం మాత్రం విదేశీ అభ్యాసకుల కోసం తయారైన ఇంగ్లీష్-ఇంగ్లీష్ లెర్నర్స్ డిక్షనరీ చూడండి. లాంగ్‌మన్ సంస్థ 1978లో తెచ్చిన లెర్నర్స్ డిక్షనరీ అర్థాలన్నీ దాదాపు 2000 తేలిక పదాల్లోనే చెప్పింది, ఇప్పుడు వచ్చే ఇతర లెర్నర్స్ డిక్షనరీలూ చాలావరకు అలాంటి పద్ధతే పాటిస్తున్నాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థం చదివి మూసేయకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాల దాకా వెళ్లండి, నౌన్ ముందు ఏ క్రియ ఉంది, వెనక ఏ ప్రిపొజిషన్ ఉంది చూసి పేజీలోకి ఎక్కించండి. మొదటి పేజీకి మీ ఉద్యోగంలో రోజూ వాడే నౌన్ ఒకటి తీసుకోండి. అది ఏదో ఇక్కడ రాస్తే, దానికి ఏయే జతలు ముందు నేర్చుకోవాలో నేను చెబుతాను.